మిలాన్ గల్లేరియా 1:100 నమూనా: పది నెలల పని డైరీ

ఇటలీలోని మిలాన్ నగరంలో ఉన్న గాజు కప్పు బజారు గల్లేరియాకు నూరో వంతు నమూనా ఇది, కోనసీమలోని మా ఇంటి మేడగదిలో చేశాను. పూర్తయిన నమూనా మా ఊరి గ్రంథాలయానికి వెళ్లింది. ఇలాంటిది చేయబూనేవారు నా దారిలో నడవవచ్చు, లేదా నేను పడిన చోట్ల పడకుండా తప్పుకోవచ్చు. ఆ రెండింటి కోసం పాడైన సామాను ఖర్చు కూడా లెక్కలో చూపించాను.

దశ 1: కొలతలు, నిష్పత్తి

మొదట ఎంచుకున్నది గల్లేరియా కాదు. బ్రస్సెల్స్‌లో 1847లో తెరిచిన సెయింట్ హ్యూబర్ట్ గ్యాలరీని తీసుకున్నాను. అది 213 మీటర్ల పొడవైన గాజు కప్పు బజారు, కానీ దాని వెడల్పు 8 మీటర్లు మాత్రమే. నూరో వంతుకు తగ్గిస్తే 8 సెంటీమీటర్ల సందు మిగులుతుంది. నా చెయ్యి అందులోకి దిగలేదు. లోపలి గోడలకు రంగు వేయలేని నమూనా చేయడం వ్యర్థమని వదిలేశాను.

తరువాత తీసుకున్నది మిలాన్‌లోని గల్లేరియా విత్తోరియో ఇమాన్యుయేలె. దువోమో అనే పెద్ద చర్చి ముందరి చౌకును, లా స్కాలా నాటకశాల ముందరి చౌకును కలుపుతూ జుసెప్పె మెంగోని అనే వాస్తుశిల్పి దీనిని రూపొందించాడు. 1865 మార్చి 7న ఆ పేరు గల ఇటలీ రాజు శంకుస్థాపన చేస్తే, 1867 సెప్టెంబరు 15న బజారు తెరిచారు. రెండు వీధులు శిలువ ఆకారంలో ఒకదానినొకటి దాటుకుంటాయి, అవి కలిసే చోట అష్టకోణపు చౌకు, దాని మీద గాజు గోపురం ఉంటాయి. నేను తీసుకున్న కొలతలు ఇవి.

1. పొడుగు వీధి 196.6 మీటర్లు; నమూనాలో 196.6 సెం.మీ.
2. అడ్డ వీధి 105.5 మీటర్లు, నమూనాలో 105.5 సెం.మీ.
3. వీధి వెడల్పు 14.5 మీటర్లు, నమూనాలో 14.5 సెం.మీ.
4. గోపురం ఎత్తు 47 మీటర్లు. నమూనాలో 47 సెం.మీ.

అష్టకోణం దగ్గరే చిక్కు వచ్చింది. దాని అడ్డుకొలత 36 నుంచి 39 మీటర్ల దాకా రకరకాలుగా ముద్రితమై ఉంది. గోడ లోపలి నుంచి కొలిచిన లెక్క ఒకటి, గోపురం అంచు నుంచి కొలిచిన లెక్క ఇంకొకటి. ఏది తీసుకోవాలో తేల్చడానికి చిన్న గణితం సరిపోయింది. ఎదురెదురు భుజాల మధ్య దూరాన్ని 0.414తో గుణిస్తే ఒక్కో భుజం పొడవు వస్తుంది. వీధి నోరు 14.5 సెంటీమీటర్లు కాబట్టి భుజం అంతకంటే తక్కువ ఉండకూడదు, అంటే అడ్డుకొలత 35కు తగ్గకూడదు. 37 తీసుకుంటే భుజం 15.3 వస్తుంది, వీధికి రెండు పక్కలా గోడ స్తంభాలకు 4 మిల్లీమీటర్ల చొప్పున చోటు దొరుకుతుంది. 37 ఖాయం చేశాను. అష్టకోణం పోగా పొడుగు వీధి చేతులు ఒక్కొక్కటి 79.8, అడ్డ వీధి చేతులు ఒక్కొక్కటి 34.25 సెంటీమీటర్లు. రెండు వైపులా సమానమనే లెక్క కట్టుకున్నాను.

ఇప్పటిదాకా: ప్రింట్లకు ₹180, పని 9 గంటలు.

దశ 2: అడుగు బల్ల

12 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చి, 210 × 120 సెంటీమీటర్లకు కోసి, అంచులు నున్నగా గీసి, వీధుల గీతలు వేసి, మూడు రోజులు మురిసిపోయాక మా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, ఇది గుమ్మంలోంచి ఎలా దింపుతారు?" అన్నాడు. గుమ్మం వెడల్పు 76 సెంటీమీటర్లు. బల్లను నిలబెట్టి తీద్దామంటే మెట్ల మలుపు అడ్డం. ముందు గుమ్మం కొలిచి ఆ తరువాత బల్ల కోయాలన్న సంగతి ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పిన నాకు తట్టలేదు.

బల్లను అయిదు ముక్కలు చేశాను: మధ్య అష్టకోణం, నాలుగు చేతులు. ముక్కల్ని 8 మి.మీ. బోల్టులు, రెక్కల నట్లతో కలిపాను. మొదటిసారి ఒక్కో ముక్కకు విడివిడిగా గుర్తు పెట్టి బెజ్జాలు వేస్తే రెండు అంచులు 1.5 మి.మీ. తేడాతో కలిశాయి, వీధి గీత కీలు దగ్గర విరిగినట్టు కనబడింది. రెండో పద్ధతి ఇది.

1. కలవాల్సిన రెండు ముక్కలకు కింద 2 అంగుళాల చెక్క పట్టీలు బిగించాలి.
2. ముక్కల్ని చదును నేల మీద ఆనించి, వీధి గీత కలిసేలా సర్ది, సి క్లాంపులతో పట్టి ఉంచాలి.
3. రెండు పట్టీలలోంచి ఒకేసారి బెజ్జం వేయాలి.
4. కీలుకు ఒక నంబరు వేసి, రెండు ముక్కల మీదా అదే నంబరు రాయాలి. ఇది మరిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పటిదాకా: ₹2,670, పని 23 గంటలు.

దశ 3: గోడలు

గల్లేరియా గోడలు రెండు పక్కలా ఒకే వరుసలో సాగుతాయి: కింద దుకాణాల ముఖాలు, పైన గోడకు అతుక్కున్నట్టుండే స్తంభాలు, కిటికీలు, గచ్చు శిల్పాలు. వీధిని భవనాలకు మధ్య మిగిలిన ఖాళీగా వదిలేయకుండా, దానినే ఒక పెద్ద గదిగా భావించి లోపలి గోడల్ని అలంకరించడం మెంగోని చేసిన పని. అందుకే నమూనాలో బయటి గోడల కంటే లోపలి గోడల మీద ఎక్కువ సమయం పోయింది.

3 మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసిన) పలకలో కిటికీలు కోసి నిలబెట్టాను. అది అక్టోబరు. తొమ్మిది రోజుల ముసురులో, చుట్టూ కాలువలున్న మా ఊరి గాలిలో, కింది అంచు 3.0 నుంచి 3.7 మిల్లీమీటర్లకు ఉబ్బింది. వెర్నియర్ కాలిపర్స్‌తో నాలుగు చోట్ల కొలిచి చూసుకున్నాను. 80 సెంటీమీటర్ల గోడ మధ్యలో 6 మిల్లీమీటర్లు వంగింది. రంగు వేస్తే ఆగుతుందేమోనని ఒక గోడకు రెండు పూతలు వేస్తే, పూత వేసిన వైపు నిలిచి వేయని వైపు ఉబ్బి, వంపు ఇంకా పెరిగింది. డెల్టాలో వానాకాలంలో ఎం.డి.ఎఫ్. జోలికి వెళ్లకండి.

బదులుగా బోర్డులు రాసేవారు వాడే 5 మి.మీ. ఫోమ్ షీటు తీసుకున్నాను. నీరు పీల్చదు, పేపరు కట్టరుతో కోయవచ్చు. స్తంభాలకు దళసరి కాగితపు పట్టీలు మూడు పొరలుగా అతికించి, నాలుగు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున గోడంతా నిలిపాను. ఈ షీటుకున్న లోపం మెత్తదనం. దాని దెబ్బ తరువాతి దశలో తగిలింది.

ఇప్పటిదాకా: ₹4,760 (అందులో పారేసిన ఎం.డి.ఎఫ్. ₹720), పని 75 గంటలు.

దశ 4: పైకప్పు

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పారిస్‌లో 1800 ప్రాంతంలో తెరిచిన పాసాజ్ దే పనొరామా, లండన్‌లో 1819లో తెరిచిన బర్లింగ్టన్ ఆర్కేడ్ వంటి పాత కప్పు బజార్లు సన్నని సందులు. బురద, బండ్ల రద్దీ లేకుండా కొనుగోలుదారులు నడవడానికి వేసినవి. వానాకాలంలో చెప్పులు చేత పట్టుకుని బజారు దాటిన మా ఊరివారికి ఆ అవసరం వేరే చెప్పనక్కరలేదు. సందు సన్ననిదైతే కప్పు వేయడం కష్టం కాదు. 14.5 మీటర్ల వీధి మీద, మధ్యలో ఒక్క స్తంభమైనా లేకుండా, వెలుతురు ఆగకుండా కప్పు వేయాలంటే ఇనుము, గాజు తప్ప ఆ కాలంలో గతి లేదు. గల్లేరియా కప్పుకు 353 టన్నుల ఇనుము పట్టింది.

ఆ అంకె చూసి ఒక లెక్క వేశాను. పొడవు నూరో వంతుకు తగ్గితే బరువు పది లక్షలో వంతుకు తగ్గుతుంది. అంటే 353 టన్నులు నమూనాలో సరిగ్గా 353 గ్రాములు. నా కప్పు అంతకు మించకూడదని పంతం పట్టాను. ఈ పంతం లేకపోతే పని రెండు నెలల ముందే అయ్యేది, కానీ మెంగోని కప్పు ఎందుకు అలా ఉందో నాకు తెలిసేది కాదు.

కప్పు కమాను దాదాపు అర్ధవృత్తం. 14.5 సెంటీమీటర్ల వెడల్పుకు చుట్టుకొలత 22.8 సెంటీమీటర్లు. పొడుగు చేతులకు 21 చొప్పున, పొట్టి చేతులకు 10 చొప్పున, మొత్తం 62 కమ్ములు పెట్టదలచాను. ఈ సంఖ్య నమూనా కోసం నేను ఎంచుకున్నదే.

మొదటి ప్రయత్నం 3 మి.మీ. జి.ఐ. (జింకు పూసిన ఇనుప) తీగ. ఒక్కో కమ్మి 12.6 గ్రాములు తూగింది. 62కు 780 గ్రాములు దాటుతుంది, అనుమతించిన దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. నాలుగు చేసి ఆపేశాను.

రెండో ప్రయత్నం 2 మి.మీ. తీగ. ఒక్కో కమ్మి 5.6 గ్రాములు, 62కు 348 గ్రాములు. 353కు ఇంత దగ్గరగా రావడంతో సంబరపడి, అడ్డ తీగలకూ గోపురానికీ ఏమీ మిగల్లేదన్న సంగతి గమనించకుండా 31 కమ్ములు వంచి గోడల మీద నిలిపాను. రెండో రోజు పొద్దున చూస్తే పొడుగు చేతి మధ్యలో గోడల మధ్య దూరం 15.2 సెంటీమీటర్లు అయింది. కారణం తేలికే: 14.5 సెంటీమీటర్ల అచ్చు మీద వంచిన తీగ చెయ్యి వదలగానే 16.1కి విచ్చుకుంటుంది. దాన్ని గోడల మధ్య బలవంతంగా ఇరికిస్తే అది గోడల్ని నెడుతూనే ఉంటుంది. కమాను ఏదైనా పాదాల దగ్గర బయటికి తోస్తుంది. మిలాన్‌లో ఆ తోపుడును ఆపడానికి రెండు పక్కలా బరువైన అంతస్తుల భవనాలున్నాయి, నా దగ్గర ఉన్నది ఫోమ్ షీటు.

అచ్చును చిన్నది చేసి తీగను ఎక్కువగా వంచితే విచ్చుకోవడం తగ్గింది, కానీ ఏ రెండు కమ్ములూ ఒక్క తీరున రాలేదు. పని ఆపేసి ఒక ఆదివారం రాజమహేంద్రవరం వెళ్లి, 1900లో రైళ్లకు తెరిచిన పాత గోదావరి వంతెనను రేవు నుంచి గంటసేపు చూశాను. ఆ గర్డర్లలో ఎక్కడా దిమ్మలాంటి ఇనుము లేదు. పలుచని ప్లేట్లు, యాంగిళ్లు, పట్టీలు రివెట్లతో కలిపి కట్టినవే. లోతు ఉన్నచోట బలం ఉంది, మందం ఉండనక్కరలేదు. గుండ్రని తీగ నా సమస్యకు జవాబు కాదని అక్కడ అర్థమైంది.

మూడో ప్రయత్నానికి 15 కిలోల నూనె డబ్బాల రేకు వాడాను. మందం 0.3 మి.మీ. పద్ధతి ఇది.

1. డబ్బాను విప్పి, సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, ఎమరీ పేపరుతో రంగు గీకాలి. నూనె జిడ్డు మిగిలితే టంకం అంటదు.
2. అర్ధవృత్తాన్ని ఒకే ముక్కగా కోస్తే డబ్బా ఒక వైపు నుంచి ఆరుకు మించి రావు. 60 డిగ్రీల ముక్కలు మూడేసి కోస్తే ఒకదాని ఒడిలో ఒకటి ఇముడుతాయి. ముక్క లోతు 5 మి.మీ.
3. మూడు ముక్కల్ని ప్లైవుడ్ మీద గీసిన అర్ధవృత్తంలో మేకుల మధ్య పరిచి, అతుకుల మీద చిన్న రేకు బిళ్లలు పెట్టి టంకం వేయాలి.
4. బయటి అంచు వెంట 1 మి.మీ. తీగ టంకంతో అతికించాలి. రేకు పక్కకు మెలిపడకుండా ఇది ఆపుతుంది.
5. చల్లారాక తీసి, పాదాల మధ్య దూరం కొలవాలి. 14.5కు అర మిల్లీమీటరు తేడా దాటితే పక్కన పెట్టాలి.

ఇలా కోసిన కమ్మికి విచ్చుకునే గుణం లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ వంచలేదు. ఒక్కోటి 4.2 గ్రాములు తూగింది. 71 చేస్తే 62 నిలిచాయి. గోడల మధ్య దూరం నెల తరువాత కూడా 14.5 దగ్గరే ఉంది.

గాజుకు బదులు మొదట 1.5 మి.మీ. అక్రిలిక్ షీటు తెచ్చాను. హీట్ గన్‌తో వంచబోతే రెండు చోట్ల బుడగలు లేచాయి, ఒక షీటు అంచున పగిలింది. తూకం వేయగా కప్పంతటికీ 920 గ్రాములు దాటుతుందని తేలింది. దాన్ని వదిలి 0.2 మి.మీ. పారదర్శక ప్లాస్టిక్ షీటు వాడాను. దాని బరువు 143 గ్రాములు, వంచడానికి వేడి అక్కరలేదు. ఇనుము లెక్కలో దీనిని కలపలేదు.

నీటి పరీక్ష: పూల మొక్కలకు పోసే డబ్బాతో రెండు లీటర్లు పోశాను. కమాను మీద చుక్క నిలవలేదు. కప్పు పాదం గోడను తాకే గీత వెంట, కప్పు గోపురాన్ని కలిసే నాలుగు మూలల్లో మాత్రం కారింది. వంపు కప్పు నీటినంతా తెచ్చి పోసేది ఆ చోటుకే. పెంకుటింటి రెండు వాలులు కలిసే మూల ఎందుకు ముందు కారుతుందో తెలిసినవారికి ఇది కొత్త కాదు. గోడ తలకట్టు మీద రేకుతో 6 మి.మీ. జలదారి చేసి, చేతి చివరికి మిల్లీమీటరున్నర వాలు ఇచ్చాక ఆగింది.

ఇప్పటిదాకా: ₹7,200 (పారేసిన తీగ, అక్రిలిక్ ₹1,360 కలిపి), పని 193 గంటలు, ఇనుము: కమ్ములు 260 గ్రాములు, అడ్డ తీగలు 34 గ్రాములు.

దశ 5: గోపురం

నమూనాకు 16 కమ్ములు. అంటే కమ్మికీ కమ్మికీ 22.5 డిగ్రీలు. ఒకదాని పక్కన ఒకటి వరుసగా అతికించుకుంటూ పోయాను, పదహారోది పెట్టే చోట 9 మి.మీ. సందు మిగిలింది. ఒక్కో కమ్మి దగ్గర అర మిల్లీమీటరు పొరపాటు అంతా చివరికి చేరి అక్కడ కూర్చుంది. అన్నీ ఊడదీసి ఇలా చేశాను: ముందు ఎదురెదురు రెండు, వాటికి అడ్డంగా ఇంకో రెండు, తరువాత వాటి మధ్య నాలుగు, ఆఖరున మిగిలిన ఎనిమిది. మిగిలిన సందు 1.5 మి.మీ., అది శిఖరపు చట్రం కింద దాగిపోయింది.

గోపురం కింద అష్టకోణంలో నాలుగు భుజాలు వీధుల్లోకి తెరుచుకుంటాయి. మిగిలిన నాలుగింటి మీద, ఎత్తున, అర్ధచంద్రాకారపు ఫలకాలుంటాయి: యూరప్, ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాల బొమ్మలు. మొదట గోడ మీద రంగులతో వేసినవి పాడైపోవడంతో తరువాత మొజాయిక్ పెట్టారు. నావి రంగు ప్రింట్లు. వాటికీ తేమ గండం ఉంది కాబట్టి ల్యామినేషన్ చేయించాను.

దీపాల సంగతి చెప్పాలి. గ్యాసు దీపాల రోజుల్లో గోపురం అంచు చుట్టూ చిన్న పట్టాల మీద ఒక బుల్లి యంత్రం మంటతో తిరుగుతూ దీపాలు వెలిగించేది. మిలాన్ జనం దానిని వాళ్ల భాషలో చిట్టెలుక అని పిలిచేవారు. దాన్ని చేసి తిప్పాలని మేనల్లుడు పట్టుబట్టాడు. గడియారపు మోటారుతో వారం తిప్పలు పడ్డాం, 116 సెంటీమీటర్ల చుట్టులో కీలు దాటే ప్రతిచోటా పట్టాలు తప్పింది. ఎల్.ఇ.డి. పట్టీ అతికించి ఊరుకున్నాం. మోటారు ఇంకా మావాడి బల్ల సొరుగులోనే ఉంది.

ఇప్పటిదాకా: ₹7,790, పని 234 గంటలు, ఇనుము: గోపురం 78, శిఖరపు చట్రం 14 కలిపి మొత్తం 386 గ్రాములు. హద్దు దాటింది 33 గ్రాములు. ఇంకా తగ్గించాలంటే టంకం తగ్గించాలి, అతుకుల మీద ఆ ధైర్యం నాకు లేదు.

దశ 6: నేల, తోరణం

అష్టకోణపు నేల మీద నాలుగు నగరాల చిహ్నాలున్నాయి: తూరిన్ ఎద్దు, ఫ్లోరెన్స్ లిల్లీ పువ్వు, రోము తోడేలు, మిలాన్ ఎర్ర శిలువ. మొదటి మూడూ ఏకీకృత ఇటలీకి ఒకదాని తరువాత ఒకటి రాజధానులైన నగరాలు. తూరిన్ ఎద్దు మర్మాంగం మీద మడమ పెట్టి గుండ్రంగా తిరిగితే అదృష్టమని జనం నమ్మిక, అందుచేత అక్కడి మొజాయిక్ గుంట పడుతుంటే మళ్లీ మళ్లీ బాగుచేయాల్సి వస్తుంది. వినైల్ మీద ప్రింటు వేయించాను. మొదటి ప్రింటు 98 శాతానికి కుదించి వచ్చింది, ఎద్దు సగం గోడ కిందికి పోయింది. ప్రింటుకు ఇచ్చేటప్పుడు బొమ్మలో 10 సెంటీమీటర్ల గీత ఒకటి వేసి, ఆ గీతను దుకాణంలోనే కొలిచి తీసుకోండి.

దువోమో వైపు విజయ తోరణం బజారు తెరిచిన పదేళ్ల తరువాతి పని. ఆ పని ముగింపుకు వచ్చిన వేళ, 1877 డిసెంబరు 30న, మెంగోని పై నుంచి పడి మరణించాడు. పది రోజులు తిరగకుండానే, 1878 జనవరి 9న, ఎవరి పేరు ఈ బజారుకు పెట్టారో ఆ రాజూ పోయాడు. తోరణాన్ని ఫోమ్ షీటులో ఒక్క వారంలో చేశాను. చెప్పుకోదగ్గ ఇబ్బంది రాలేదు.

ఇప్పటిదాకా: ₹8,660, పని 256 గంటలు.

దశ 7: ఎండ, గాలి పరీక్షలు

మే నెల, రోహిణీ కార్తె. నమూనాను డాబా మీదికి ఎక్కించి, మధ్యాహ్నం రెండు గంటలకు థర్మామీటరుతో కొలిచాను. నీడలో 38.4 డిగ్రీలు. నమూనా లోపల, వీధి కొసలు అట్టతో మూసినప్పుడు 46.1, నాలుగు కొసలూ తెరిస్తే 43.0, గోపురం శిఖరం దగ్గర ప్లాస్టిక్ తీసి సందు వదిలితే 41.2. నూరో వంతు నమూనాలో గాలి నడక అసలు కట్టడంలోలా ఉండదు కాబట్టి ఈ అంకెల్ని మిలాన్‌కు అంటగట్టకూడదు, కానీ వేడిగాలికి పైన దారి ఉండాలన్నది ఏ కొలతలోనైనా ఒకటే. మన మండువా లోగిలి నడిమి ఆకాశాన్ని తెరిచి ఉంచి, వానను లోపలికి రానిచ్చి, వేడిని పైకి పంపుతుంది. గల్లేరియా అష్టకోణం నా కంటికి మూత పెట్టిన మండువాలాగే కనబడింది. మిలాన్ చలికి ఆ మూత సరిపోతుంది. మా ఊళ్లో అంత గాజు కప్పు వేస్తే బట్టల దుకాణదారు ఏప్రిల్‌లోనే పట్టా కప్పుతాడు. శిఖరం దగ్గరి సందును అలాగే ఉంచేశాను.

చూడవచ్చిన ఇరుగుపొరుగు వారంతా అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: తుపాను వస్తే? 1996 నవంబరు తుపాను చూసిన ఊరు మరి. మిలాన్ కప్పు మీదికి తుపాను రాలేదు గానీ, 1943 ఆగస్టులో బాంబులు పడి గాజంతా పోయింది, యుద్ధం తరువాత మళ్లీ వేశారు. మా పరీక్షకు పెడస్టల్ ఫ్యాన్ దొరికింది. మీటరు దూరం నుంచి పూర్తి వేగంతో తిప్పితే ఇనుము కదల్లేదు, లా స్కాలా వైపు చేతి కొసన ప్లాస్టిక్ షీటు లేచి రెండు అడ్డ తీగల్ని ఊడదీసింది. షీటును కేవలం జిగురుతో నిలపడం తప్పు. రేకుతో యు ఆకారపు పట్లు 48 చేసి, ప్రతి చేతి కొసనా పన్నెండు చొప్పున బిగించాక నిలిచింది. వాటి బరువు 8 గ్రాములు. ఇనుము మొత్తం 394 గ్రాములు.

గ్రంథాలయానికి ట్రాలీ ఆటోలో అయిదు ముక్కలుగా తీసుకెళ్లి, నంబర్ల ప్రకారం బిగించడానికి నలభై నిమిషాలు పట్టింది. మూడో కీలు దగ్గర నేల గీత ఇప్పటికీ అర మిల్లీమీటరు తేడాగా ఉంది. గ్రంథాలయం నేల వాలే అందుకు కారణం. కాలు కింద రేకు బిళ్ల ఒకటి పెట్టి వచ్చాను, వానలు మొదలయ్యాక మళ్లీ వెళ్లి కొలవాలి.